కరీంనగర్ గిన్నె, ఆదిలాబాద్ పువ్వు

రోజూ అదే అన్నం, అదే కూర. ఈ విసుగు తినేవారి కంటే ముందు వండే స్త్రీలకే కలుగుతుంది. రుచి మార్చాలంటే మాంసం, మసాలా, అదనపు ఖర్చు తప్పవని మన ఇళ్ళలో ఒక భావన ఉంది. ఉత్తర తెలంగాణ వంటిళ్ళలో మాకు మరో దారి కనిపించింది.

కరీంనగర్‌లో సర్వపిండి తిన్నాము. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు కలిపి, లోతైన గిన్నె లోపలి వైపున పలుచగా అద్దుతారు. వ్రేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగపై కాలుస్తారు. దీనికి గిన్నప్ప అనే పేరూ ఉంది. గిన్నె చల్లారితే గాని రెండవది అద్దలేము. కనుక రెండు గిన్నెలుంటే సుఖం.

గోదావరి దాటి, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ చేరితే జొన్నరొట్టెల రాజ్యం. జొన్నపిండికి సాగే గుణం లేదు. వేడినీటితో కలిపి, అరచేత తట్టవలసిందే. ఖీమాతో దాని జోడీ అమోఘం.

ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తారు. ఇప్ప అనగానే సారా గుర్తొచ్చి మనలో కొందరు వెనుకాడతారు. నిషిద్ధమైనది మత్తు, పువ్వు కాదు. వేసవి ఆరంభంలో రాలిన పూలను ఏరి, ఎండబెడతారు. పులియబెడితే సారా, పులియనివ్వక వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లంతో దంచితే లడ్డూ. మేము కొన్ని కట్టించుకొని వచ్చాము, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్‌పై ఖర్జూరాల ప్రక్కన ఉంచడానికి.