అంగుళానికి మైలు

ఫోనులో మ్యాపు తెరిచి ఏ పల్లె చూసినా నాకు ఒళ్లు మండుతుంది. పెట్రోలు బంకు ఉంటుంది, ఫంక్షన్ హాలు ఉంటుంది, ఊరచెరువుకు మాత్రం పేరుండదు. డొంకలు అసలే ఉండవు. డొంక లేని ఊరు ఊరేనా?

అందుకే సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు పట్టుకు తిరుగుతాను. మైలు నేలను అంగుళంలోకి కుదించి గీసినవి. పొలానికి పసుపు, అడవికి ఆకుపచ్చ, నీటికి నీలం. చెరువు కట్ట పక్కన చిన్న అంకె వేస్తారు. అది సముద్రమట్టం లెక్క కాదు, కట్ట కింది నేల మీంచి ఎంత లేచిందో అంత. తాడిచెట్టుకూ ఒక గుర్తుంది. ఎండలో ప్లేన్ టేబుల్ మోసుకు తిరిగిన మనుషులు తాటితోపును కూడా వదల్లేదంటే వాళ్లకు దండం పెట్టాలి.

షీటు చూసుకుంటూ వెళ్తే చెరువున్న చోట ప్లాట్ల హద్దురాళ్లుంటాయి. రోడ్డు మాత్రం ఉన్నట్టుండి ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపే పాత కట్ట.

ఒకప్పుడు కోస్తా షీటు అడిగితే ఒక ఆఫీసులో నన్ను దొంగను చూసినట్టు చూసి పొమ్మన్నారు. మా తాతల చెరువెక్కడుందో నాకు తెలిస్తే దేశానికేం ముప్పు? 2005లో మ్యాపు విధానం మారి, జనానికి అమ్మే షీట్లు వేరే వేశారు. నా కోపం మాత్రం చల్లారలేదు.

పాడుబడ్డ ఊళ్లను కూడా షీటు మరిచిపోదు. అక్కడికి వెళ్తే పాటిదిబ్బ ఉండాలి. చాలాచోట్ల పాటిమన్ను చేలకు బలమని బండ్లకెత్తి తోలేశారు. గట్ల మీద పెంకులు మిగిలాయి, లోపల నలుపు, బయట కింది సగం ఎరుపు.

దిబ్బలంటే అమరావతి దీపాలదిన్నే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టేటప్పుడు దాని రాళ్లూ ఇటుకలూ తవ్వుకుపోయారు. 1798లో చూసి వెళ్లిన కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది! ఆయన అప్పటికి సర్వేయర్ జనరల్. నేలను కొలిచినవాడే ఊరి కథలనూ రాయించాడు. ఏ చెరువు ఎవరు తవ్వించారో, ఏ మాన్యం ఎవరిదో కరణాలు చెబితే కైఫీయతులకెక్కింది. ఊళ్ల నుంచి వాటిని రాబట్టింది మాత్రం కావలి సోదరులు. బొర్రయ్య 1803లో పోయాక ఆ బరువు తమ్ముడు లక్ష్మయ్య మోశాడు. ఈ అన్నదమ్ముల గురించి పిల్లలకు చెప్పే మాస్టారు నాకింతవరకూ తారసపడలేదు.