డీజే మోతలో డప్పుకి చోటేదీ?

ఊరేగింపు ఇంకా రెండు వీధుల అవతలే ఉంటుంది. పాట ఏదో తెలీదు. పాడేది ఆడో మగో కూడా తెలీదు. కానీ ‘ధుమ్... ధుమ్...’ అంటూ మన కిటికీ రెక్కలు మాత్రం అదిరిపోతుంటాయి! మార్కాపురం, కంభం, గిద్దలూరు... ఈ వైపు ఏ ఊరికెళ్లినా పెళ్లిళ్ల సీజన్లో ఇదే వరస. పాటని వెనకే వదిలేసి దరువొక్కటే ఎందుకు ముందొస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు నాకు మార్కాపురంలో మా పిన్ని కొడుకు దగ్గర దొరికింది. వాడు పగలు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. రాత్రిళ్లు డీజేల కోసం పాటలకు కొత్త దరువులు కట్టి మిక్సింగ్ చేసిస్తాడు. స్టూడియో అంటే ఏ అద్దాల గదో అనుకునేరు! మేడమీద చిన్న గది. ప్రతిధ్వని రాకుండా గోడలకు వేలాడదీసిన పాత బొంతలు. ఒక ల్యాప్‌టాప్, అందులో ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్, రెండు స్పీకర్లు, ఒక హెడ్‌ఫోన్. అంతే!

‘సెకనుకు 50 సార్లు ఊగే శబ్దం అల పొడవు దాదాపు 7 మీటర్లక్కా. దానికి మన గోడ ఒక అడ్డా? చుట్టుకుని వచ్చేస్తుంది’ అన్నాడు వాడు. అదే ‘స’, ‘శ’ లాంటి అక్షరాలను తెలియజేసే సన్నటి శబ్దాలున్నాయే... వాటి అల పొడవు పది సెంటీమీటర్లు కూడా ఉండదు. గోడకు తగిలి అక్కడే ఆగిపోతాయి. అందుకే దరువు మన ఇంట్లోకి, పాట పక్క వీధిలోకి!

తగ్గించడమే పని

మిక్సింగ్ అంటే ఒకదానిమీద ఒకటి కలుపుకుంటూ పోవడమనుకుంటాం. రెండు రాత్రులు వాడి పక్కన కూర్చుంటే తెలిసింది... వాడు చేసే పనిలో ముప్పాతిక వంతు తీసేయడమే! గొంతు వినపడాలంటే గొంతును పెంచడు. ఆ గొంతు ఉన్నచోటే కూర్చున్న కీబోర్డును కాస్త కోస్తాడు. దీన్నే వాళ్ల భాషలో ఈక్యూ అంటారు.

అన్నిటికంటే పెద్ద తగాదా కిక్‌కీ బేస్‌కీ. కిక్ అంటే ఆ ‘ధుమ్’. బేస్ అంటే కింద నిలబడి మోగే స్వరం. రెండింటిదీ ఒకటే ఇల్లు. రెండూ ఒకేసారి మోగితే ఏదీ స్పష్టంగా ఉండదు, బురద. అందుకని కిక్ పడ్డ ప్రతిసారీ బేస్ దానంతటదే కనురెప్పపాటు తగ్గేలా పెడతాడు. సైడ్‌చెయిన్ అని దాని పేరు. పెద్దాయన గడప దాటేదాకా కుర్రాడు పక్కకు తప్పుకున్నట్టు!

కొత్త శబ్దాలు తయారుచేయడం ఇంకో సరదా. మార్కాపురం అంటే పలకలు కదా. వాడు ఒక రాతి పలకను బలపంతో కొట్టి ఆ ‘టక్’ను ఫోన్లో రికార్డు చేశాడు. దాని స్థాయిని కిందికి దించి, చివర చిన్న ప్రతిధ్వని తగిలించాడు. విన్నవాళ్లెవరూ అది ఒకటో తరగతి పిల్లాడి పలక అనుకోరు!

ఇంత చేస్తూ సౌండు మాత్రం మనం మాట్లాడుకునేంతే పెడతాడు. ఎందుకంటే సౌండు పెంచేకొద్దీ మన చెవికి కింది శబ్దాలు మరింత నిండుగా వినిపిస్తాయి. ఈ సంగతిని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. గట్టిగా పెడితే ప్రతి పాటా బాగున్నట్టే ఉంటుంది. బాగుందో లేదో తేలేది తగ్గించినప్పుడే.

మెషీన్‌తో వచ్చే సంగీతమంటేనే మోత అనుకునేవాళ్లకి వాడు వినిపించే రికార్డు ఒకటుంది. ముంబయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో మూడు రోలాండ్ యంత్రాలతో పది రాగాలను డిస్కో దరువుమీద వాయించారు. అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ముక్కున వేలేసుకుంది. అందులో ఉన్నవి కొన్నే శబ్దాలు. కానీ దేని చోటు దానిదే.

మంటే మీట

ఓసారి వాడికి అసలు డప్పు శబ్దం కావాల్సి వచ్చింది. గిద్దలూరు వైపు నుంచి నలుగురు డప్పు కళాకారులను పిలిపించాడు. వాళ్లలో పెద్దాయన వస్తూనే మేడమీద మంట పెట్టించాడు. డప్పును సెగకు చూపించడం, చిటికెన పుల్లతో తట్టడం, చెవి ఒగ్గి వినడం, మళ్లీ సెగ. తోలు బిగిసి శబ్దం ఖంగున తేలేదాకా అదే పని. తమ్ముడు మౌస్‌తో చేసేదాన్ని ఆయన మంటతో చేస్తున్నాడు! లావుపాటి సిర్ర దెబ్బ కింది శబ్దం, చిటికెన పుల్ల దెబ్బ పైశబ్దం. నలుగురిలో ఒకరు తగ్గితేనే ఇంకొకరు పైకి లేస్తారు. మిక్సింగ్ అంతా వాళ్ల చేతుల్లోనే అయిపోయింది.

రికార్డింగ్ అయ్యాక పెద్దాయన ల్యాప్‌టాప్ వైపు చూసి, ‘ఇది ఆ పెట్టెలోకి పోయినాక మమ్మల్నెవరు పిలుస్తారమ్మా?’ అన్నాడు. ఆయనకిచ్చింది ఒక రోజు కూలీ. ఆ శబ్దాన్ని మాత్రం మీట నొక్కి వెయ్యి పెళ్లిళ్లలో వాడుకోవచ్చు. గదిలో ఎవ్వరం మాట్లాడలేదు.

ఆ రాత్రి నుంచి తమ్ముడి పాటల్లో ఒక మార్పు వచ్చింది. పాట మధ్యలో 32 దరువులపాటు ఖాళీ వదులుతున్నాడు. కిక్ లేదు, బేస్ లేదు. ఆ ఖాళీలో నిజం డప్పు మోగాలి. ‘పెట్టెలతోపాటు నలుగురు డప్పోళ్లనీ పిలవండి’ అని పెళ్లివాళ్లకు చెబుతున్నాడు. ‘రెండింటికీ డబ్బులెందుకు దండగ’ అనేవాళ్లే ఎక్కువ. అలాంటప్పుడు ఖాళీలో రికార్డు చేసిన డప్పే పెట్టి ఇవ్వాల్సి వస్తోంది. ఒప్పుకున్న పెళ్లి ఒకటి గిద్దలూరులో చూశాను. పెట్టెలు టక్కున ఆగాయి. డప్పు లేచింది. అంతదాకా చెవులు మూసుకుని అరుగుమీద కూర్చున్న ముసలమ్మ ఒకామె కిందికి దిగి అడుగేసింది. పక్కన కుర్రాళ్లు జరిగి చోటిచ్చారు.

ఇది చెవుల సంగతి కూడా. 100 డెసిబెల్స్ మోతలో 15 నిమిషాలకు మించి ఉండటం చెవికి ప్రమాదమని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. మన ఊరేగింపులు గంటలకొద్దీ! నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి మన శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. వాటిని గుర్తుచేస్తే పెళ్లిలో తగువే. అందుకే ఈసారి మీ ఇంట్లో శుభకార్యానికి డీజేని మాట్లాడేటప్పుడు ఇంకోలా అడిగి చూడండి... ‘బాబూ, నీ పాటలో మా ఊరి డప్పుకి ఎన్ని దరువులు వదిలావు?’ అని!