నాలుగు తీగలు, ఒక తోలుముక్క

"మిగతా రెండు తీగలు తెగిపోయినయ్యా సారూ?"

తర్లుపాడు స్టేషన్లో గిటారు సంచీ విప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడిగే మాట ఇది. గిటారంటే ఆరు తీగలని సినిమాల్లో చూశారు. నాది బేస్ గిటారు. నాలుగే తీగలు, లావుగా మోటుగా ఉంటాయి. తీగ పొడుగు 34 అంగుళాలు. అన్నిటికన్న లావు తీగ మీటితే సెకనుకు 41 సార్లు ఊగుతుంది. సెల్‌ఫోన్లో పాట వింటే ఆ అడుగు మోత సరిగా వినపడను కూడా వినపడదు. మోగుతున్నంతసేపూ అదొకటి ఉందని ఎవరికీ పట్టదు. ఆపి చూడండి, పాట నడుం విరిగినట్టు కూలబడుతుంది. మావాళ్ళు ఊళ్ళో బతికిన బతుకు కూడా అట్టాంటిదే కాబట్టి దాని మీద నాకు మనసు పడింది.

తర్లుపాడు పక్కన చిన్న ఊరు మాది. మా నాయన పలకల గనిలో కూలి, ఊరికి తప్పెట. ఊళ్ళో పీనుగ లేస్తే కబురొచ్చేది. జాతరకు కబురొచ్చేది. అడగటం కాదు, కబురు. ఆ రోజు గని కూలి పోయేది. తప్పెటకు ఇంత గింజలు, ఇంత సారాయి. 1994లో మా జిల్లాలోనే ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. తర్వాత కొన్నాళ్ళకు మా నాయన ఊరి పీనుగకు కొట్టనని చెప్పేశాడు. దండోరా సభలకు మాత్రం చంకకు తగిలించుకొని పోయాడు. ఆ సంవత్సరం మాకు ఊళ్ళో చేబదులు పుట్టలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. సభలు పలచబడ్డాక తప్పెట అటకెక్కింది. చెప్పులు కుట్టే ఆరె, రంపె అంతకుముందే ఎక్కాయి.

మేం చర్చికి పోతాం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు మిషను జాన్ క్లౌ దొర కాలం అది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ళకన్న ముందే దేవుణ్ణి నమ్ముకున్న ఎర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారి. తోలు అమ్మిన మనిషితో మొదలైన కథలో, మా చర్చి గుమ్మం మాత్రం తోలు వాయిద్యం దాటకూడదు. "అది అమ్మోరిది, పీనుగులది" అంటారు మా పెద్దలు. గిటారుకు అభ్యంతరం లేదు. గిటారు దొరలది గదా.

2019లో గుంటూరులో ఒక క్వయిర్ కుర్రాడి దగ్గర 9 వేలకు కొన్నాను. ఏ కంపెనీదో అనవసరం. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు, అందులోనూ 1957 తర్వాతి రూపానికి, చవకరకం నకలు. అంచులు నల్లగా, నడుమ పసుపుగా సన్‌బర్స్ట్ రంగు, మీద తాబేటిచిప్ప రంగు ప్లాస్టిక్ రేకు. అసలు పాతవాటికి లక్షలు పెట్టాలి. నకలుకి పనితనం పెట్టాలి.

ముందు మెట్లు. వీణకు మెట్లుంటాయే, దీనికీ ఉంటాయి, ఫ్రెట్లంటారు. నా గిటారుకి అవి ఎగుడుదిగుడు. తీగ నొక్కితే గరగర. సమం చేయడానికి చదునైన దిమ్మె కావాలి. అది కొనాలంటే బోలెడు ఖరీదు. మార్కాపురంలో పలకల పనివాళ్ళ దగ్గర సాన పట్టిన రాతిపలకను అంగుళంన్నర వెడల్పున, జానెడు పొడుగున కోయించాను. స్టీలు స్కేలు నిలబెట్టి కింద వెలుగు దూరకుండా చూసుకున్నాను. దానికి 400 నంబరు ఎమిరీ కాగితం అంటించాను. మెడ లోపలి ఇనప కడ్డీని అలెన్ కీతో తిప్పి ముందు మెడ నిటారు చేయాలి. మెట్ల మధ్య చెక్కకు టేపు వేయాలి. మెట్ల నెత్తిన నల్లమార్కరు పూసి మెల్లగా తోమితే నలుపు పోయినచోట ఎత్తు, నిలిచినచోట పల్లం. అన్నిటి మీదా నలుపు పోయేదాకా తోమి, మొండెక్కిన నెత్తిని ఆకురాయితో మళ్ళీ గుండ్రం చేయాలి. రెండు ఆదివారాలు పట్టింది. నేను ఓనమాలు దిద్దిన రాయి, మా నాయన గనిలో మోసిన రాయి, మూడోసారి ఇట్లా పనికొచ్చింది.

తర్వాత మోత. ప్లగ్గు పెడితే చాలు, గుయ్యి మని ఒకటే రొద. వెనక విప్పి చూస్తే బ్రిడ్జికి పోవాల్సిన తీగ ఊడివుంది. టంకం వేశాను. కొంచెం తగ్గింది గాని పోలేదు. అసలు జబ్బు గోడలో ఉంది. బోర్డుకు మూడు బొక్కలు, మూడో బొక్క వెనక వైరే లేదు. కరెంటు పని కుర్రాణ్ణి అడిగితే "ఈ పల్లెలో ఎవరింట్లోనూ ఎర్త్ లేదు సార్" అన్నాడు. మాకు సెంటు భూమి లేదని పుట్టినప్పట్నించీ తెలుసు. మా కరెంటుకు కూడా భూమి లేదని ఆ రోజే తెలిసింది. ఇది నవ్వి వదిలేసేది కాదు. 1972లో లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్త్ లేని మైకు పట్టుకొని వేదిక మీదే చచ్చిపోయాడు. క్వయిర్ పిల్లలు చర్చి వెనక గొయ్యి తీశారు. పైపు దించి, ఉప్పూ బొగ్గూ పోశాం. ఆ తర్వాతే పాటలు.

ఒకసారి బడి వార్షికోత్సవంలో వాయించాను. తోటి ఉపాధ్యాయుడొకాయన భుజం తట్టి, "మీవాళ్ళకి వాయిద్యం రక్తంలోనే ఉంటుంది సార్" అన్నాడు. మెచ్చుకున్నానే అనుకున్నాడు. మూడేళ్ళు రోజూ రాత్రి గంటసేపు మెట్రోనోమ్ పెట్టుకొని వేళ్ళు పగలగొట్టుకున్నది నేను. ఇంటికొచ్చి మా నాయనతో చెబితే బీడీ ఆర్పి అన్నాడు: "రక్తంలో యాడిదిరా. పొట్టలో ఉండె."

అమెరికాలో డెట్రాయిట్ నగరంలో మోటౌన్ పాటలకు బేస్ వాయించిన నల్లమనిషి జేమ్స్ జేమర్సన్. 1960లలో ఆ పాటలు ప్రపంచమంతా మోగినయి. రికార్డు అట్టల మీద ఆయన పేరు ఉండేది కాదు. 1971లో మార్విన్ గే ఆల్బం మీద వేశారు. 1983లో చనిపోయాడు. గొప్ప సంగీతకారుల వరసలో చేర్చి గౌరవించింది 2000లో. ఆయనది 1962 నాటి ప్రెసిషన్ బేస్. నున్నటి చదును తీగలు వాడేవాడు, అవి తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క. దాంతో మోత సాగదు, దుమ్మని పడి ఆగుతుంది.

నేనూ పెట్టి చూశాను. గిన్నెలు తోమే స్పాంజి మరీ మెత్తన. పాత హవాయి చెప్పు కోసి పెట్టాను. తీగ మొద్దుబారింది.

అరుగు మీద పడుకున్న మా నాయన లేచొచ్చాడు. "ఏందిరా అది, మట్టిగోడను గుద్దినట్టుంది?"

చూపించాను. "చెప్పుముక్క పెట్టి దేవుడి పాట పాడతావా?" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. గిటారు కొన్న కొత్తలో భుజానికి తోలు పట్టీ కుట్టివ్వమని అడిగితే, "నిన్ను చదివించింది మళ్ళా తోలు అడగటానికా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నైలాన్ పట్టీ కొనుక్కున్నా. ఈసారి నేనేమీ అడగలేదు.

తీగల కింద వేలు పెట్టి చూశాడు. "లావు తీగ కింద ఎక్కువ నొక్కతాంది, సన్న తీగ కింద తక్కువ. ఒకే మందం పెడితే ఎట్ట పలుకుద్ది? రబ్బరు చప్పుడును చంపుద్ది. తోలయితే కొంచెం తిని మిగతాది వదుల్తది."

అటకెక్కి రంపె దించాడు. తుప్పు పట్టింది. నా రాతిపలక మీదే నూరాడు. పాత తప్పెట మూపుపట్టీ కోసి, ఆముదం రాసి, ఒక పక్క పలచగా చెక్కాడు. ఈ పని పదిహేనేళ్ళు చేయని చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. రెండుసార్లు తీసి మళ్ళీ చెక్కాక అమరింది. లావు తీగ మీటితే మంటకు కాగిన తప్పెట మీద మొదటి దెబ్బ పడ్డట్టు, పొట్టిగా, గుండ్రంగా పలికింది. ఇద్దరం ఏమీ అనలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, తప్పెట వద్దన్న పెద్దాయనే నా దగ్గరికొచ్చి, "ఈవారం గిటారు గుండెల్లోకి పోయింది సారూ, కొత్తదా?" అన్నాడు. పాతదే అన్నాను. తోలు సంగతి చెప్పలేదు. చెప్పాల్సింది. ఉద్యోగస్తుడినై ఉండి ఆ మాట నోట్లో ఎందుకు ఆగిందో నాకే సిగ్గుగా ఉంది.

దారిలో నాయన సంచీ తను మోస్తానని తీసుకున్నాడు. "ఎండాకాలం తోలు ముడుచుకుంటది. ఏప్రిల్లో పీకియ్యి, ఇంకోటి చెక్కిస్తా" అన్నాడు.