నడుమ నిలబడినవాడు

బళ్ళారిలో కూర్చుని జావాస్క్రిప్టు రాసి బతుకుతున్నాను. ఆ మధ్య ఒక పాత ప్రోగ్రాము చేతికొచ్చింది. బిల్లులో రుసుము లెక్కకట్టే ఫంక్షను అందులో ఉంది, ఎవరు రాసిపోయారో ఏమో. దాన్ని ఎక్కడెక్కడి నుంచి, ఏ అంకెలతో పిలుస్తున్నారో తెలియాలి. అసలుదాన్ని తాకే ధైర్యం లేదు. అందుకని దాని ముందు ఒక ప్రాక్సీని నిలబెట్టాను.

2015లో ఆ భాష ప్రమాణంలో చేరిన సదుపాయమిది. పిలిచేవాడికి ప్రాక్సీ అసలు ఫంక్షనులాగే కనిపిస్తుంది. పిలుపు మాత్రం ముందు 'అప్లై' అనే ఉచ్చులో పడుతుంది. అక్కడ మన చేతికి మూడు అందుతాయి: అసలు ఫంక్షను, ఎవరి తరఫున పిలిచారన్నది, ఇచ్చిన విలువలు. వాటిని రాసిపెట్టుకుని, 'రిఫ్లెక్ట్' ద్వారా ఉన్నదున్నట్టు లోపలికి పంపి, వచ్చిన జవాబును తిరిగి ఇచ్చేయాలి. ఎవరి తరఫున అన్నది పంపడం మరచి మొదటిసారి నేను బోల్తాపడ్డాను. అయితే, పంపి తీరాలన్న కట్టడి లేదు. నడుమనున్నవాడు జవాబు మార్చవచ్చు. అసలు లోపలికే వెళ్ళకుండా తనకు తోచింది చెప్పవచ్చు.

ఈ పని నాకు కొత్త కాదు. 1953లో ఆదోని ఆంధ్రకూ, బళ్ళారి మైసూరుకూ పోయాయి. అమ్మ పుట్టిల్లు ఆదోని. ఆమెకు అంగడి కన్నడం వచ్చు గానీ, ధారవాడ వైపు నుంచి వచ్చిన డాక్టరు గబగబా మాట్లాడే కన్నడం అందదు. పోయినేడాది ఆసుపత్రిలో ఇద్దరి నడుమా నేనే. గుండె కవాటం బిగుసుకుపోయింది, ఆపరేషను ఆలస్యం చేయొద్దు అన్నాడాయన.

"ఏమంటాడురా?"

"ఏం ల్యాదుమా. నీరసమంట. మాత్రలు మింగితే చాలంట."

అమ్మ తలూపింది.

నా ప్రాక్సీ సంగతికొస్తే, బిల్లులు పది పోతే చిట్టాలో ఎనిమిదే కనబడ్డాయి. రెండు రోజులు వెతికాను. ఒక ఫైలు, నేను ప్రాక్సీ పెట్టకముందే అసలు ఫంక్షనును తన దగ్గర పట్టుకుని ఉంది. నేరుగా దాన్నే పిలుచుకుంటోంది. ఆ పిలుపు ఉచ్చులో పడదు.

వార్డులో రాత్రి డ్యూటీ నర్సమ్మది రాయదుర్గమని నాకు తెలియదు. పొద్దున కాఫీ పట్టుకుని వెళ్ళేసరికి అమ్మ సంచి సర్దుకుని కూర్చుంది.

"ఆపరేషనుకు బెంగుళూరు పోవల్లంట గదరా. ఎప్పుడు పోదాం?" అంది.