గాలి పట్టిన బండి

'మెకానిక్ పని మీవాళ్లకు పుట్టుకతోనే వస్తుందట కదా!'

ఈ మాట మాకు కాలేజీలో ఎదురైంది. అద్దెకిల్లు వెతుక్కుంటున్నప్పుడు ఎదురైంది. గ్రూప్స్ కోచింగ్ కోసం అశోక్‌నగర్‌లో తిరుగుతున్నప్పుడు చాయ్ బండి దగ్గర మళ్లీ ఎదురైంది. అన్నవాళ్లు మమ్మల్ని మెచ్చుకుంటున్నామనే అనుకున్నారు. పుట్టుకతో వచ్చేదైతే మా అబ్బా ఎనిమిదేళ్లు ఉస్తాద్ దగ్గర చెంపదెబ్బలు ఎందుకు తిన్నట్టు? ఏళ్ల తరబడి నేర్చుకున్న చదువును నెత్తురుకు అంటగడితే ఇక అది చదువు లెక్కలోకి రాదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాడేవాళ్లది సాధన. ఆ పక్క వీధిలో లారీ కింద పడుకున్నవాళ్లది పుట్టుక!

మేం అన్నదమ్ములం పెరిగింది చిక్కడపల్లి నుంచి ముషీరాబాద్ వైపు పోయే గల్లీల్లో. అబ్బా షెడ్డు అంటే పెద్దదేం కాదు. నాలుగు రేకులు, ఒక పనిముట్ల పెట్టె. బండి రోడ్డు పక్కనే ఆగేది. నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్లకు నీళ్లు మోసే ట్యాంకర్లు, మేడలు లేస్తున్న చోటికి ఇసుక తోలే లారీలు. అవే మాకు అన్నం పెట్టాయి. చాలావరకు పాత టాటా 1210లు, అశోక్ లేలాండ్ కామెట్లు. దేశమంతా తిరిగి అలిసిపోయిన లారీకి చివరికి నీళ్ల ట్యాంకు ఎక్కించి నగరంలో తిప్పుతారు. ఆ ముసలి బండ్లన్నీ చలికాలంలో మా గుమ్మం ముందుకొచ్చేవి.

హైదరాబాద్‌ది కూడా ఒక చలేనా అంటారు. నిజమే. ఇక్కడ రికార్డు చలి 1946 జనవరిలో నమోదైన 6.1 డిగ్రీలు. లదాఖ్‌లోనైతే డీజిల్ గడ్డకడుతుంది. ట్యాంకు కింద మంట పెట్టి కరిగించుకునేవాళ్లు. మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ 2019లో అక్కడికి తెచ్చింది. మనకు ఆ బాధ లేదు. మన దేశపు ప్రమాణం ప్రకారం మామూలు డీజిలే చలికాలంలో 3 డిగ్రీల దాకా పారాలి. కాబట్టి చిక్కడపల్లిలో డీజిల్ గడ్డకట్టింది అన్నవాడికి డబ్బులివ్వొద్దు అనేవాడు అబ్బా.

మరి చలికి పొద్దున్నే బండి ఎందుకు మొరాయిస్తుంది? డీజిల్ నడిచే దారి తెలియాలి. ట్యాంకులోంచి ఫీడ్ పంపు డీజిల్‌ని పీలుస్తుంది. అది ఫిల్టర్లు దాటి పెద్ద పంపుకు చేరుతుంది. బెంగళూరు మైకో కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకుంది గానీ మెకానిక్ నోట అది మైకో పంపే. అది దాదాపు 200 బార్ ఒత్తిడితో డీజిల్‌ని నాజిళ్లకు నెడుతుంది. ముందువైపు పైపు కారితే డీజిల్ కనబడుతుంది, కింద మడుగు కడుతుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా పీల్చే వైపు అలా కాదు. అక్కడ వెంట్రుకంత చీలిక ఉంటే ఇంజన్ ఆడుతున్నప్పుడు డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. రాత్రి చలికి పాత రబ్బరు పైపు బిర్రబిగుస్తుంది, క్లిప్పు కింద సందు పడుతుంది. డీజిల్ తెల్లారేసరికి ట్యాంకులోకి జారిపోతుంది, ఆ జాగాలో గాలి నిండుతుంది. గాలి స్పంజిలా నొక్కుకుపోతుంది గానీ నాజిల్‌ని తెరవదు. దీన్నే మేం బండికి గాలి పట్టింది అంటాం. ఎండెక్కాక రబ్బరు మెత్తబడి సందు పూడుకుంటుంది. అప్పుడిక ఏ రోగమూ లేనట్టు నడుస్తుంది.

1990ల చివర ఒక జనవరిలో ఇట్లాంటి ట్యాంకరే వచ్చింది. నాలుగు రోజులుగా పొద్దున ఆడదు, మధ్యాహ్నం ఆడుతుంది. డ్రైవర్ మా గల్లీ మనిషే. ఓనరు వస్తూనే తేల్చేశాడు. 'ఈ తురకోడు డీజిల్ అమ్ముకుని కిరోసిన్ పోశాడు. పంపు పోయింది. పంపు విప్పు ఉస్తాద్, పోలీస్ స్టేషన్లో చూపించాలి.' ఆ 'తురకోడు' అన్న మాట అబ్బా ముందే అన్నాడు. అబ్బాని ఉస్తాద్ అంటూనే అన్నాడు. మేం పక్కనే నిలబడి ఉన్నాం. డ్రైవర్ ఏమీ మాట్లాడలేదు.

అబ్బా పంపు ముట్టుకోలేదు. ముందు స్టాప్ కేబుల్ చూశాడు. చలికి గ్రీజు బిగుసుకుని లీవరు సగంలోనే ఆగిపోతే, ఇంజన్ అంతా విప్పినా లాభం లేదు. అది బాగానే ఉంది. సెల్ఫ్ కొట్టమని మమ్మల్ని సైలెన్సర్ దగ్గర నిలబెట్టాడు. తెల్లపొగ వస్తే డీజిల్ అందింది, మండలేదని లెక్క. అప్పుడు వెతకాల్సింది వేరే. పొగే రాలేదు. అంటే డీజిల్ అందలేదు. ట్యాంకు మూతకు గాలి రంధ్రం పూడిందేమో చూశాడు. అడుగు నట్టు విప్పి ఒక గాజు సీసాలో డీజిల్ పట్టి ఎండలో పెట్టాడు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి తేమ నీరవుతుంది, ఆ నీరు సీసా అడుగున తేరుకుంటుంది. చెంచాడు నీళ్లు దిగాయి. అంతే. రేషన్ కిరోసిన్‌కి నీలిరంగు కలుపుతారు, ఆ నీడ కూడా లేదు. 'కిరోసిన్ అయితే మధ్యాహ్నం డీజిల్ ఎట్లా అవుతుంది సేట్?' అన్నాడు, అంతకుమించి వాదించలేదు.

ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి చేతి పంపు కొట్టాడు. నురగ. ఎంత కొట్టినా బుడగలు ఆగలేదు. చివరికి పాత నూనె డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి బానెట్ మీద పెట్టి, అక్కణ్నుంచి ఫీడ్ పంపుకు వేరే పైపు కలిపాడు. గాలి తీసి సెల్ఫ్ కొడితే ఇంజన్ లేచింది. ఆ ఒక్క పరీక్షతో ఫీడ్ పంపు, మైకో పంపు, నాజిళ్లు అన్నీ నిర్దోషులని తేలింది. దొంగ వెనకాలే ఉంది. ట్యాంకు దగ్గర రబ్బరు పైపు, క్లిప్పు కింద చీలి ఉంది. జానెడు పైపు, రెండు క్లిప్పులు. ఓనరు డబ్బులిచ్చి 'దేవుడివి సాయిబూ' అన్నాడు. డ్రైవర్ వైపు చూడలేదు. ఆ నెలాఖరుకు డ్రైవర్ ఆ బండి దిగేశాడు.

ఆలోచిస్తే ఆ రోజు అబ్బా చేసింది ఏ లాబొరేటరీలోనైనా చేసే పనే. చవకైన పరీక్ష ముందు, ఖరీదైనది చివర. ఒక్కో ముక్కను విడదీసి చూడటం. పరీక్ష చెయ్యందే ఎవరి పేరూ చెప్పకపోవడం. దీనికి పుస్తకం లేదు. ఉన్నదంతా నోటిమాటే. పానా, పేచ్‌కస్, ఉస్తాద్ అనే మాటలతో సాగిన చదువు అది. ఆ మాటలు పరాయివి అనేవాళ్లు ఏ నల్లగొండ డ్రైవర్నైనా అడిగి చూడండి, స్పానర్‌ని ఏమంటాడో.

2006లో సచార్ కమిటీ నివేదిక, ముస్లింలు జీతపు ఉద్యోగాల్లో తక్కువగా, బండ్ల రిపేరు లాంటి సొంత పనుల్లో ఎక్కువగా ఉన్నారని లెక్క చెప్పింది. 2007లో వచ్చిన బి.సి.-ఇ జాబితాలో అత్తర్ సాయిబులున్నారు, ధోబీలున్నారు, హజ్జాములున్నారు. మెకానిక్‌ల పేరు లేదు. ఉండదు కూడా. అది ఎవరి కులమూ కాదు. అబ్బా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో గౌడ్ల పిల్లలున్నారు, మాదిగ పిల్లలున్నారు. వాళ్లకెవరూ పుట్టుకతో వచ్చిందనలేదు మరి!

2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 బండ్లే అమ్ముతున్నారు. వాటి రోగం స్కానర్ చెబుతుంది. మాలో ఎవరం షెడ్డులోకి పోలేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీ బల్లల మీద పరీక్షలకు చదివాం. ఏ పేపర్లోనూ గాలి పట్టిన బండి గురించి అడగలేదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాం.

రేకులు ఎప్పుడో పోయాయి. అబ్బా ఇప్పుడు వంగలేడు. అయినా జనవరి వచ్చిందంటే తెల్లవారుజామున ఫోన్లు వస్తాయి. ఇంకా తిరుగుతున్న పాత ట్యాంకర్ల డ్రైవర్లు. దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి ఫోన్ అందుకుంటాడు.

'పొగ ఏ రంగు బేటా?'

'పొగే లేదు చాచా.'

'అయితే ముందు స్టాప్ కేబుల్ చూడు. పంపు ముట్టుకోకు.'