తాడు కట్టింది సిలిండర్‌కే!

‘‘పెద్దమ్మా, ఎంతసేపని అలా కూర్చుంటావ్... కాళ్లు లాగేస్తాయి. ఇదిగో, నడవలో దుప్పటి పరిచాను. కాసేపు నడుం వాల్చు!’’

ఆ మాట అన్నది నేనే. అందుకే రెండేళ్లు దాటినా మర్చిపోలేకపోతున్నాను.

గుంటూరు నుంచి అరుణాచలం బయల్దేరాం. పదిహేడు సీట్ల వ్యాను. పిల్లాపెద్దా కలిపి పదమూడుమందిమి. పౌర్ణమికి గిరిప్రదక్షిణ చెయ్యాలన్నది పెద్దమ్మ కోరిక. మన ఇళ్లల్లో యాత్ర అంటే మీకు తెలియనిదేముంది... సగం ఇల్లు బండెక్కాల్సిందే. పాతిక కిలోల బియ్యం బస్తా, పచ్చళ్ల సీసాలు, పులిహోర డబ్బా, ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్నులు రెండు, ఇడ్లీ పాత్ర, స్టవ్వు, దానికో చిన్న గ్యాస్ సిలిండర్. దారిలో ఏ చెట్టు కిందో ఆపుకొని వండుకు తింటే ఆ రుచే వేరు కదా! వెనక వరస మొత్తం సామానుకే వదిలేశాం.

డ్రైవర్ యాభై దాటిన మనిషి. సర్దడం అయ్యాక వచ్చి అంతా ఓసారి చూశాడు. సిలిండర్‌ని సీటు కాలికి ఆనించి, నైలాన్ తాడుతో నాలుగు చుట్లు చుట్టి బిగించాడు. ‘‘ఇది దొర్లిందంటే కష్టమమ్మా’’ అన్నాడు. ఆయన జాగ్రత్త చూసి ముచ్చటపడ్డాం. మరి మా సంగతి? సీట్లకి బెల్టులున్నాయి. కాకపోతే కొత్త కవర్లు తొడిగినప్పుడు వాటిని లోపలికి తోసేశారు. ఎక్కడున్నాయని మేం అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఒంగోలు దాటాక టీ తాగాం. ఆ తర్వాత ఎవరి నిద్ర వాళ్లది. నాలుగేళ్ల మేనకోడలు వదిన ఒళ్లో. బాబాయ్ సీటులో అడ్డంగా. పెద్దమ్మ నడవలో, నేను పరిచిన దుప్పటి మీద.

తెల్లవారుజామున, నాయుడుపేట ఇంకా రాలేదు. ముందు గడ్డి ట్రాక్టర్ వెళుతోంది. దానికి వెనక ఎర్రలైటు లేదు. దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. డ్రైవర్ ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు.

ట్రాక్టర్‌కి జానెడు దూరంలో ఆగింది మా వ్యాను. బండి మీద చిన్న గీత కూడా పడలేదు. రోడ్డు మీద చూసేవాళ్లకి అక్కడ ఏ ప్రమాదమూ జరగనట్టే. లోపల మాత్రం పెద్దమ్మ నడవలో జారుకుంటూ వెళ్లి ఇంజిన్ దిమ్మకి కొట్టుకుంది. ఆ వెనకే నీళ్ల టిన్ను వచ్చి ఆమె మీద పడింది. పాప వదిన చేతుల్లోంచి జారి ముందు సీటు కమ్మీకి తగిలింది. బండంతా పులిహోర మెతుకులు, ఏడుపులు. నెల్లూరు ఆస్పత్రిలో తేలిందేమిటంటే... పెద్దమ్మకి కాలర్ బోన్ విరిగింది. పాప పెదవికి నాలుగు కుట్లు. యాత్ర అక్కడే ఆగిపోయింది.

సామాను దించుతుంటే చూశాను. సిలిండర్ ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. పదమూడుమంది మనుషులున్న బండిలో తాడు కట్టింది దానికి ఒక్కదానికే!

ఒళ్లో పాప... 140 కిలోలు

ఇది బళ్లో చదువుకున్న జడత్వమే. బండి ఆగుతుంది, అందులో ఉన్నవి ఆగవు. బండి ఎంత వేగంతో వెళుతోందో అంతే వేగంతో ముందుకెళతాయి. ఏదో ఒకటి అడ్డుపడేదాకా! టిన్నుకైనా మనిషికైనా ఒకటే లెక్క.

మాది వట్టి బ్రేకు. అదే గుద్దుకుని ఉంటే? గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళుతూ దేన్నైనా గుద్దుకోవడమంటే, దాదాపు 14 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడటంతో సమానం. అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి. మేడ మీద పిట్టగోడ లేకపోతే పిల్లల్ని అటువైపు పోనివ్వం. బండిలో మాత్రం సీటెక్కి గెంతుతుంటే చప్పట్లు కొడతాం.

‘నా ఒళ్లోనే ఉందిగా, గట్టిగా పట్టుకుంటాలే’ అనుకోని తల్లి ఉండదు. వదినా అలాగే అనుకుంది. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. ఒళ్లో ఉన్న పది కిలోల బిడ్డని ఆపాలంటే 140 కిలోల బరువుని మోసినంత బలం కావాలి. అయిదు బియ్యం బస్తాల కంటే ఎక్కువ. అదీ నిద్రలో! ఆ బలం ఏ తల్లి చేతులకీ ఉండదు. అది ప్రేమకి సంబంధించిన విషయం కాదు.

భుజం మీదుగా వచ్చి నడుం దగ్గర బిగిసే ఇప్పటి బెల్టుని 1959లో వోల్వో కంపెనీ ఇంజినీరు నీల్స్ బోలిన్ రూపొందించాడు. మిగతా కంపెనీలూ వాడుకోవచ్చని వోల్వో ఆ పేటెంటుని అందరికీ వదిలేసింది. అంత సులువుగా చేతికొచ్చిన దాన్ని మనం సీటు కవర్ల కింద దాచుకున్నాం.

వెనక కూర్చుంటే భయం లేదన్నది మరో భ్రమ. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో జరిగిన ప్రమాదంలో వ్యాపారవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఖరీదైన కారు. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు. ఆ ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రయాణికులు బెల్టు పెట్టుకోకపోయినా, పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోయినా వెయ్యి రూపాయల జరిమానా. కానీ జరిమానాకి భయపడి పెట్టుకునే బెల్టు చెక్‌పోస్టు దాటగానే ఊడిపోతుంది.

ఆరు పడకలు... నాలుగు బెల్టులు

పెద్దమ్మ సంగతి విని అమెరికా నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. అంతకుముందే వాళ్లు యెల్లోస్టోన్ చూడ్డానికి ఇల్లులాంటి బండి అద్దెకి తీసుకున్నారు. మోటార్ హోమ్ అంటారట. మన సినిమావాళ్ల కారవాన్ లాంటిది. మంచాలు, వంటిల్లు, బాత్‌రూమ్... అన్నీ అందులోనే. అత్తామామలతో కలిపి ఆరుగురు. ఆరు పడకలున్న బండి చూసుకుని సంబరపడ్డారు. తాళాలిచ్చే మనిషి మాత్రం ఒప్పుకోలేదు. ‘‘పడకలు ఆరే. బెల్టులున్న సీట్లు నాలుగే. బండి నడుస్తున్నప్పుడు మీరెంతమందో అన్ని బెల్టులుండాలి’’ అన్నాడట. ఇంకా పెద్ద బండి తీసుకోవాల్సొచ్చింది. బయల్దేరే ముందు అరల తలుపులు గడియ పెట్టాలి. బరువైనవన్నీ కింది అరల్లోకి పోవాలి. గ్యాసు కట్టెయ్యాలి. మంచం ఎక్కడం బండి ఆగాకే.

‘‘వదినా, ఆగినప్పుడే అది ఇల్లు. కదిలిందంటే బండే!’’ అంది.

ఆ మాట మనసులో నాటుకుపోయింది. మేం చేసిన పొరపాటు అదే కదా... కదులుతున్న బండిని ఇల్లనుకోవడం. పక్క పరిచాం. వంటిల్లు సర్దాం. ఆ సిలిండర్ విషయంలోనూ తాడు కట్టగానే సరిపోయిందనుకున్నాం. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్లో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో మంటలు చెలరేగి తొమ్మిదిమంది చనిపోయారు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. వంట కోసం తెచ్చుకున్న సిలిండరే కారణమని రైల్వే ప్రకటించింది. ఆ వార్త గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మూసి ఉన్న బండిలోకి అసలు రాకూడనిది అది.

మళ్లీ అరుణాచలం

ఈ ఏడాది పెద్దమ్మ మళ్లీ అడిగింది. ఈసారి వ్యాను మాట్లాడేటప్పుడు ఏసీ గురించి కాదు, ముందు బెల్టుల గురించి అడిగాను. బయల్దేరే ముందురోజు వెళ్లి కవర్ల కింద నుంచి ఒక్కోటీ లాగితే వేరుసెనగ పొట్టుతో సహా బయటికొచ్చాయి. రెండు పట్టుకోలేదు, బాగుచేయించారు. స్టవ్వూ సిలిండరూ ఇంట్లోనే ఉండిపోయాయి. నీళ్ల టిన్నులు సీట్ల కింద, కదలకుండా. పెద్దల బెల్టు చిన్నపిల్లలకి మెడ మీదకొస్తుంది కాబట్టి, ఆరేళ్ల మేనకోడలికి ఎత్తు సీటు కొన్నాడు అన్నయ్య. రాత్రి ప్రయాణం మానేసి నెల్లూరులో గది తీసుకున్నాం. నడుం వాల్చడం అక్కడే. ఖర్చు కాస్త పెరిగింది. నిజమే. ఆస్పత్రి బిల్లు ముందు అదెంత!

‘‘దేవుడి దగ్గరికి వెళుతూ ఈ కట్లేమిటే’’ అని సణిగాడు బాబాయ్. నేనేదో చెప్పబోయేలోపే పెద్దమ్మ భుజం తడుముకుంటూ నా వైపు తిరిగింది.

‘‘వాడి మాటకేంగానీ... ముందు నాకు కట్టవే. ఆ సిలిండర్‌కిచ్చిన విలువ ఇన్నాళ్లకి నాకూ ఇస్తున్నారు!’’