గరుకు గొంతు

పెళ్లిచూపులకు చీర కొందామని మా చెల్లెలి కూతురు పులివెందుల నుంచి ప్రొద్దుటూరు వచ్చింది. తిరిగి దింపి రావలసింది నేనే. అసలు పని వేరే. అది రాత్రిళ్లు మిద్దెమీద చేరి పులిలా గుర్రుమంటోందట. మానిపించమని చెల్లెలు నాకు ఫోన్ చేసింది.

జమ్మలమడుగులో దిగి అమ్మను చూసుకుని మళ్లీ బస్సెక్కాం. "పెద్దమ్మా, ఇది విను. తిట్టుకోగాకు" అంటూ ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది. మనిషిదో యంత్రానిదో తెలియని ఒక సన్నని గొంతు, దానికి అడ్డంపడుతూ గుర్రుమనే ఇంకో గొంతు. సినిక్ అనే అమెరికన్ బ్యాండ్ 1993లో తెచ్చిన 'ఫోకస్' అట. ప్రోగ్రెసివ్ డెత్ మెటల్ అంటారట.

ముద్దనూరు వచ్చేదాకా దాని కథే చెప్పింది. మయామీ కుర్రాళ్లు పాల్ మాస్విడాల్, షాన్ రైనర్ట్ 1991లో డెత్ అనే బ్యాండ్ ఆల్బం 'హ్యూమన్'లో వాయించారు. సొంత ఆల్బం మొదలుపెట్టే వేళకు, 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను ఫ్లోరిడాను ఊడ్చేసి రికార్డింగ్‌ను వెనక్కి నెట్టింది. చివరికి టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో పూర్తిచేశారు. డెత్ మెటల్‌లోకి జాజ్‌ను తెచ్చారు. మాస్విడాల్ తన గొంతును వోకోడర్‌లోంచి పంపాడు, గర్జనలు వేరొకరివి. 1994లో కానిబల్ కార్ప్స్‌తో కలిసి ఊరూరా తిరిగితే, నెత్తుటి పాటలకోసం వచ్చిన జనానికి ఈ మెత్తదనం రుచించలేదు. ఆ ఏడే బ్యాండ్ విడిపోయింది. అదే ఆల్బంను తర్వాతి తరం నెత్తిన పెట్టుకుంది. 2008లో వాళ్లు రెండో ఆల్బం తెచ్చారు. తాము స్వలింగ ప్రేమికులమని ఆ ఇద్దరూ బయటికి చెప్పింది మాత్రం 2014లో! మగతనం అంత చాటుకునే ఆ సంగీతంలో ఇన్నేళ్లు ఎట్లా నోరు కట్టుకున్నారో.

"ఆ 1994 టూర్‌లో గర్జించింది ఎవరనుకున్నావు? డానా కాస్లీ. ఆడమనిషి" అంది.

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. జమ్మలమడుగులో ఎవరు పోయినా శోకం పెట్టడానికి అవ్వకు కబురొచ్చేది. పొట్టలోంచి తెచ్చేది ఆ గరుకు గొంతును. చచ్చినవాడిని నిలదీసేది, బతికున్నవాళ్లను కడిగేసేది. మగవాళ్లు తల వంచుకుని వినేవాళ్లు. మర్నాడు అదే అవ్వ పెరట్లో కాస్త గట్టిగా మాట్లాడితే మా అబ్బ కసిరేవాడు. చావు ఒక్కటే ఆమెకు దొరికిన వేదిక. నా గొంతు అంతకూడా లేచింది లేదు. క్లాసులో పాఠం చెప్పేటప్పుడు తప్ప.

"గొంతు చెడిపోదా?" అన్నాను. అడగాల్సింది అదేనా అని నాకే సిగ్గేసింది.

"పొట్టలోంచి ఊపిరి తెస్తే పోదు పెద్దమ్మా. ఊరికే అరిస్తే పోతాది."

"ఆదివారం వచ్చేవాళ్లకు చెప్తావా?"

"నువ్వుంటే చెప్తా."

చీనీ తోటలు వెనక్కి పోతున్నాయి. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇయర్‌ఫోన్ మాత్రం తీసి ఇవ్వలేదు నేను.

గడపలోనే ఎదురైంది చెల్లెలు. చీర సంచి అందుకుంటూ, కూతురు లోపలికి పోయేదాకా ఆగి, "చెప్పినావా అక్కా?" అంది.

"ఆదివారం నేనూ ఈడనే ఉంటా" అన్నాను.